బెలూన్ పగిలేదాకా కదలకూడదు

నేను బెలూన్లు వదిలి రిటైరయ్యాను.

ఈ మాట చెప్పగానే మన తెలుగువాళ్లు రెండు రకాలుగా చూస్తారు. కొందరు పాపం అనుకుంటారు. కొందరు వాళ్ల పిల్లాడి బర్త్‌డే ఎప్పుడో చెబుతారు. మా చర్చిలో ఒకావిడ ఆరాధన అవగానే నా చెయ్యి పట్టుకుని, "మార్తమ్మ ఆంటీ, వచ్చే శనివారం మా బాబుకి ఐదేళ్లొస్తాయి. నీలం, తెలుపు బెలూన్లతో గుమ్మానికి ఒక ఆర్చి కట్టిపెడతారా? మీకు అలవాటే కదా" అంది.

"నా బెలూన్ మీ గుమ్మానికి పట్టదమ్మా. వదిలితే ఇరవై మైళ్ల ఎత్తుకు పోయి, మీ హాలంత లావై పగులుతుంది. బాబు ఏడుస్తాడు" అన్నాను.

ఆవిడ పడీపడీ నవ్వింది. నేను నవ్వలేదు. ఉన్నమాటే చెప్పాను.

ఇప్పుడు అదే చర్చిలో ఇద్దరు ఆడపిల్లలు వాతావరణం చదువుతున్నారు. రాకెట్లు ఎగరేసే ఈ కేప్‌లో ఉద్యోగాలకి అప్లై చేస్తారట. "ఆంటీ, అక్కడ పని ఎలా ఉంటుందో రాసిపెట్టండి" అన్నారు. వాళ్లకోసం, వాళ్లలాంటి వాళ్లకోసం ఇది. ప్రమోషన్ల గురించి రాయను, రాలేదు కాబట్టి. ఫారాల గురించి రాయను, అవి ఎలాగూ మీకు మెయిల్‌లో వస్తాయి. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే నావే. మా మనవరాలు కెరెన్‌ని అనకండి, దానికి తెలుగు చదవడం రాదు.

ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను. ఈ ఫ్లోరిడా తీరంలో పన్నెండేళ్లు రాకెట్ల కోసం గాలి కొలిచాను. మనుషులెక్కిన రాకెట్టు నేల మీంచి లేవడం ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు. చివరి డ్యూటీ రోజునైనా చూడాలని కుర్చీ కూడా సిద్ధం చేసుకున్నాను. ఏమైందో చివర్లో చెబుతాను. ముందు పని.

పని ఏమిటంటే

రాకెట్టు పైకి పోయేటప్పుడు గాలి అన్ని ఎత్తుల్లోనూ ఒకేలా ఉండదు. కింద సముద్రం మీంచి ఒక గాలి, ఆ పైన అడ్డంగా ఇంకో గాలి, ఇంకా పైన మళ్లీ వెనక్కి కొట్టే గాలి. సన్నగా పొడుగ్గా ఉన్న రాకెట్టు అంత వేగంతో పోతూ ఒక గాలిలోంచి ఇంకో గాలిలోకి దూరితే నడుం విరిగినంత పనవుతుంది. అందుకని ముందే తెలుసుకోవాలి. రాడార్లున్నాయి, ఇంకా ఏవేవో ఉన్నాయి. అయినా ఒక బెలూన్‌ని పైకి పంపి, "వెళ్లి చూసి రా" అనడం ఇంకా మానలేదు. అది వెళ్తుంది, చూస్తుంది. రాదు, అంతే.

బెలూన్ కింద దారం. దారం చివర టిఫిన్ డబ్బా కన్నా చిన్న తెల్ల పెట్టె. పైకి పోతూ ఆ పెట్టె గాలి ఎటు, ఎంత వేగం, ఎంత చలి, ఎంత తేమ అని చెబుతూనే ఉంటుంది. నిమిషానికి వెయ్యి అడుగుల చొప్పున పోతుంది. పైన గాలి పలచబడేకొద్దీ బెలూన్ ఉబ్బి ఉబ్బి చివరికి పగులుతుంది. గంటన్నర పైమాటే. ఆ సేపంతా కిటికీ లేని గదిలో కూర్చుని స్క్రీన్ మీద అంకెలు చూడాలి. రాకెట్టు లేచేటప్పుడు నేనుండేది ఆ గదిలోనే. గోడ వణుకుతుంది, రేకు కప్పు గలగలమంటుంది, కాఫీ కప్పు టేబుల్ మీద నడుస్తుంది. పన్నెండేళ్లలో నేను చూసిన రాకెట్లు అవే: నడిచే కాఫీ కప్పులు.

నేను ఎలా దూరాను

మా అమ్మాయి నర్సు. అది పిలిస్తే వచ్చాను. వచ్చి ఊరికే కూర్చుంటే తిన్నది అరగదు. స్కూల్ క్యాంటీన్‌లో కొన్నాళ్లు, తరవాత సిటిజన్‌షిప్ వచ్చాక కేప్‌లో గాలి కొలిచే కాంట్రాక్టు కంపెనీలో క్లీనింగ్. బెలూన్ షెడ్డు ఊడవడం కూడా నా పనే.

ఒకరోజు గాలి బాగా కొడుతోంది. ఇద్దరు మగాళ్లు బెలూన్‌ని పట్టుకుని షెడ్డు తలుపు దగ్గర కుస్తీ పడుతున్నారు. అది ఒక పక్కకి పడుకుంటుంది, వీళ్లు లాగుతారు, అది లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. పొగరుబోతు దూడ. ఒకాయన పేరు రే, షెడ్డుకి పెద్ద. నేవీలో చేసి వచ్చినవాడు. ముక్కు ఎప్పుడూ ఎండకి కమిలి ఎర్రగా ఉండేది. నేను చీపురు పట్టుకుని చూస్తున్నాను. చూసి చూసి ఉండబట్టలేక అరిచాను.

"ఆగండి! ఇప్పుడు కాదు! గాలి ఊపిరి పీల్చుకోనివ్వండి."

రే వెనక్కి తిరిగి నన్ను తినేసేలా చూశాడు. నేను చెయ్యి అలాగే ఎత్తి ఉంచాను. గాలి ఒక విసురు విసిరింది, ఇంకో విసురు, ఆ తరవాత ఒక్క క్షణం సద్దుమణిగింది.

"ఇప్పుడు!"

వదిలారు. నిటారుగా పోయింది, చర్చి మెట్లెక్కే పెళ్లికూతురిలా.

రే చేతులు దులుపుకుని నా దగ్గరికొచ్చాడు. "గాలి సంగతి నీకెవరు చెప్పారు?"

"మా నాన్నది తెరచాప పడవ. చాప ఎత్తేముందు ఇలాగే ఆగేవాడు."

"చీపురు అక్కడ పెట్టు" అన్నాడు.

అదే నా ఇంటర్వ్యూ. కాయితాలకి ఆరు నెలలు పట్టింది, పరీక్ష రెండుసార్లు తప్పాను. అది మీకు అక్కర్లేదు.

రే నేర్పినవి

రే మంచి బాసా అంటే, నోరు మంచిది కాదు. కాని ఒకసారి చెప్పినదానికి ఎందుకో కూడా చెప్పేవాడు. ఎందుకో చెప్పని బాసు దగ్గర ఎక్కువకాలం ఉండకండి.

బెలూన్ని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. నూలు గ్లవ్స్ వేసుకోవాలి. చేతి జిడ్డు అంటినచోట రబ్బరు బలహీనమై పైన ముందే పగులుతుంది. నేను రోజూ తలకి కొబ్బరినూనె రాసుకునే మనిషిని. మొదటి వారం రే నన్ను చూసి, "నువ్వు బెలూన్ వంక చూసినా పగిలేలా ఉంది" అన్నాడు. డ్యూటీ రోజుల్లో నూనె మానేశాను. నా జుట్టు ఈ దేశానికి చేసిన త్యాగం అది.

రెండోది, ఎవరు వదిలితే వాళ్లే అది పగిలేదాకా స్క్రీన్ ముందు ఉండాలి. "నీ చెయ్యి చివరిసారి తగిలింది. దానికి ఏమైనా జరిగుంటే నీకే తెలుస్తుంది. ఇంకొకరికి అప్పజెప్పి కాఫీకి పోకు." పగిలేదాకా కదలకూడదు, అంతే.

మూడోది ఎక్కడా రాసి లేదు, మా షెడ్డులో ఆచారం. మొదట్లో మా రాకెట్లలో మనుషులుండేవారు కాదు, ఉపగ్రహాలే. మనుషులెక్కడం మళ్లీ మొదలయ్యాక, రే తలుపు పక్కన ఒక పలక వేలాడదీశాడు. నిజం పలకే, సుద్దముక్కతో సహా. ఆ రోజు ఎక్కేవాళ్ల పేర్లు దాని మీద ఉంటాయి. బెలూన్ పట్టుకున్నవాళ్లు ఆ పేర్లు పైకి చదివి అప్పుడు వదలాలి. ఇంటిపేర్లు కాదు, వాళ్ల అమ్మ పిలిచే పేర్లు. నాతో పనిచేసే మారిసోల్, పోర్టోరికో పిల్ల, నవ్వితే ఆగదు, మొదటిసారి చదువుతూ కూడా నవ్వింది. నాలుగో పేరు దగ్గర నవ్వు ఆగిపోయింది. చదివితే తెలుస్తుంది.

ఎండ కాస్తోంది కదా, ఎందుకాపారు?

ఇది మీరు జీవితాంతం వినబోయే ప్రశ్న. జనం మైళ్లకి మైళ్లు డ్రైవ్ చేసుకుని వచ్చి, కేప్‌కి ఎదురుగా నది ఒడ్డున కుర్చీలు వేసుకుని, పులిహోర డబ్బాలు విప్పుతారు. నెత్తిన నీలంగా ఆకాశం. అప్పుడు ఫోన్‌లో వస్తుంది, వాతావరణం బాలేదు, ఈరోజుకి లేదు అని. దాన్ని స్క్రబ్ అంటారు. మా చర్చి వాళ్లు నాకు ఫోన్ చేస్తారు.

"ఆంటీ, ఇక్కడ ఒక్క మబ్బు లేదు!"

"నీ నెత్తిన లేదు. పైన నాలుగు కోసుల దూరంలో చచ్చిన వాన తాలూకు మబ్బు తోక ఒకటి సాగి ఉంది. వాన పోయినా దాని కడుపులో కరెంటు ఉంటుంది. రాకెట్టు అందులోంచి పోతే పిడుగుని అదే పిలుచుకున్నట్టు."

"మరి అది లేకపోతే వెళ్లేదా?"

"ఐర్లండ్ దగ్గర అలలు ఎత్తుగా ఉన్నాయి."

"ఐర్లండా?"

ఐర్లండే. ఇది మనుషులెక్కిన రాకెట్టుకే ఉన్న తిప్పలు. ఉపగ్రహం అయితే పైకి పోతే చాలు. మనుషులుంటే, దారిలో ఎక్కడ తేడా వచ్చినా వాళ్లు కూర్చున్న గది విడిపోయి సముద్రంలో దిగాలి. ఎక్కడ దిగుతారో తెలీదు. అందుకని ఇక్కణ్ణించి సముద్రం అటు పక్క దాకా, దారి పొడుగునా, గాలీ అలలూ నెమ్మదిగా ఉండాలి. ఇది నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పడవ తోయడానికి ఒడ్డున గాలి బావుంటే చాలదని, తిరిగి దిగేచోట కూడా బావుండాలని మా ఊళ్లో పదేళ్ల పిల్లకి తెలుసు.

మా పాస్టర్‌గారు ఒకసారి ఆరాధనలో, "మన సహోదరి మార్తమ్మగారి రాకెట్టు కోసం మంచి వాతావరణం ఇమ్మని ప్రార్థిద్దాం" అన్నారు. తరవాత పక్కకి పిలిచి చెప్పాను. "అయ్యగారూ, మంచి వాతావరణం అడక్కండి. ఉన్న వాతావరణం ఉన్నట్టు మాకు కనబడాలని అడగండి." ఆయన రెండో ఆదివారం అలాగే చేశారు. మంచి మనిషి.

నా పొదుపు

ఇప్పుడు నా తప్పు. దీన్ని దాటేసి రాస్తే మిగతాదంతా దండగ.

నేను పొదుపు మనిషిని. టీ పొడి రెండుసార్లు మరగబెడతాను. జిప్ బ్యాగులు కడిగి ఆరేస్తాను, మా అమ్మాయి సింకు మీద అవి చూసి తల కొట్టుకుంటుంది. బెలూన్‌లో హీలియం నింపడానికి ఒక పద్ధతుంది. గొట్టానికి ఒక బరువు ఉంటుంది. బెలూన్ ఆ బరువుని నేల మీంచి లేపేదాకా నింపాలి. లేచాక కట్టేయాలి. బరువు కదిలి లేవబోతున్నప్పుడే నేను వాల్వ్ కట్టేసేదాన్ని. ఎలాగూ లేస్తుంది కదా, ఆ చివరి బుస్సుమనే గ్యాసు ఎందుకు దండగ అని. మామూలు రోజుల్లో ఎవరికీ తెలియలేదు. సిలిండర్లు నా డ్యూటీలో ఎక్కువ రోజులొస్తున్నాయని నాకు లోపల్లోపల గర్వం కూడా.

ఒక ప్రయోగం రోజు. పలక మీద నాలుగు పేర్లు. చదివాను, వదిలాను. ఆ రోజు నా పొదుపు ఇంకాస్త ముదిరింది కాబోలు, బెలూన్ నెమ్మదిగా పోతోంది. తెడ్డు లేని పడవలా. నిమిషానికి వెయ్యి అడుగులు పోవాల్సింది ఏడువందలు పోతోంది. పైగాలి లెక్కకి కావలసిన ఎత్తు ఒకటుంటుంది. ఇంత టైముకి అక్కడి అంకెలు ప్రయోగం నడిపేవాళ్లుండే పెద్ద గదికి చేరాలి. టైమైంది. బెలూన్ ఇంకా కిందే ఉంది. ఇంకొకటి వదిలినా అందదు. పైగాలి తెలీదు కాబట్టి నో గో, అంటే వెళ్లడానికి లేదు. ఆకాశం అద్దంలా ఉంది, అలలు లేవు, మబ్బు తోక లేదు, అన్నీ బావున్నాయి. స్క్రబ్.

రే సిలిండర్ గేజీ చూశాడు. నన్ను చూశాడు.

"ఎంత నింపావు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. బెలూన్‌కి చిల్లుందేమో అనొచ్చు. అది ఇరవై మైళ్ల పైకి పోయి పగిలే సరుకు, సాక్ష్యం చెప్పడానికి రాదు.

"కొంచెం తక్కువ" అన్నాను. "రోజూ కొంచెం తక్కువే."

"ఎందుకు?"

"దండగని."

రే అరవలేదు. అరిచుంటే బావుండేది. "నాతో రా" అని ట్రక్కెక్కించి రోడ్డు పక్కకి తీసుకెళ్లి ఆపాడు. కాసేపటికి వాళ్ల బండి వచ్చింది. రాకెట్టు ఎక్కినవాళ్లని దింపి వెనక్కి తెస్తున్నారు. గంటల తరబడి వెల్లకిలా పడుకుని, పట్టీలు కట్టుకుని, చివరికి దిగి వస్తున్నారు. కిటికీలోంచి ఒకావిడ మమ్మల్ని చూసి నవ్వుతూ చెయ్యి ఊపింది. పాపం, తన కోసం వచ్చిన అభిమానులనుకుంది. రే ఊపాడు. నా చెయ్యి లేవలేదు.

"మీ ఇంట్లో పొదుపు చెయ్యి, మార్తా. ఇక్కడ గ్యాసు నీది కాదు, వాళ్లది" అన్నాడు.

రెండు రోజులకి వాళ్లు వెళ్లారు, క్షేమంగా. నేను రోజుకి పది నిమిషాలు ముందొచ్చి, రే కళ్లముందు బరువు పూర్తిగా లేచేదాకా నింపి చూపించాను, ఒక నెలపాటు. అదే శిక్ష. జిప్ బ్యాగులు ఇంకా కడుగుతాను. అది వేరే సంగతి.

కొత్త బాసు

రే రిటైరై ఉత్తర కరోలినాలో చేపలు పడుతున్నాడు. ఆయన తరవాత వచ్చినవాడు ట్రెవర్. ముప్ఫై నాలుగేళ్లు, నెమ్మదస్తుడు, చదువుకున్నవాడు, నాకు డబుల్ స్క్రీన్ కొనిపెట్టాడు. ఒక్కటే లోపం: స్క్రీన్ మీద కనబడనిది జరగలేదనుకుంటాడు. మీరు కూడా అలాగే వస్తారు, మీ తప్పు కాదు, అలా నేర్పుతున్నారు. అందుకే చివరి రోజు సంగతి రాస్తున్నాను.

చివరి బెలూన్

గురువారంతో నా ఉద్యోగం అయిపోతుంది. ఆ సాయంత్రమే, పొద్దు గుంకిన కాసేపటికి, మనుషులెక్కే ప్రయోగం. కెరెన్ వేరే రాష్ట్రంలో, ఆష్‌బర్న్‌లో ఉద్యోగం చేస్తుంది. సెలవు పెట్టి ఫ్లైట్‌లో వచ్చి, నది ఒడ్డున చోటు పట్టింది. లోపలికి దానికి పర్మిషన్ లేదు.

"అమ్మమ్మా, నువ్వు ఈసారి చూస్తావ్, రైట్? ప్రామిస్?"

"చూస్తానే. లెక్క వేసుకున్నాను."

నిజంగానే వేసుకున్నాను. ఎప్పుడూ రాకెట్టు లేచేసరికి నా బెలూన్ ఇంకా పైనే ఉండేది, ఈసారి టైములు కలిసొచ్చాయి. ఆఖరి బెలూన్ నాది. అది వదిలాక గంటా నలభై నిమిషాలకి పగులుతుంది. రాకెట్టు లేవడం అప్పటికి ఇంకో అరగంట ఉంటుంది. అంటే రే నియమం తప్పకుండానే బయటికొచ్చి కూర్చోవచ్చు. షెడ్డు వెనక గడ్డిలో మారిసోల్ నా మడతకుర్చీ వేసి పెట్టింది, దాని మీద కాగితం కిరీటం ఒకటి.

"ఇదేంటే?"

"మహారాణికి" అంది. నన్ను మామా అంటుంది, వాళ్ల భాషలో అమ్మా అని. "మామా, ఈరోజు స్క్రబ్ అయితే నేను సముద్రంలో దూకుతా. పన్నెండేళ్లు! పుణ్యక్షేత్రం పక్కనే ఉండి దర్శనం చేసుకోని మనిషివి నువ్వు." తన మాటల్లో రోమ్ నగరం అంది, నేను తెలుగు చేశాను.

మధ్యాహ్నం ఉరుములు వచ్చి పోయాయి. మబ్బు తోకలు తూర్పుకి జరిగి కరుగుతున్నాయి. అలలు బావున్నాయి. మా వాతావరణం ఆఫీసరు కెల్లీ మేడమ్ గొంతు స్పీకర్లో ఊరిస్తోంది: అన్నీ గో దిశగా ఉన్నాయి, పైగాలి ఒక్కటే అటూ ఇటూగా ఉంది, ఆఖరి బెలూన్ చెప్పాలి. అంటే నాది.

నిండుగా నింపాను, బరువు బాగా లేచేదాకా. గ్లవ్స్. పలక. "ఇవెట్, కాల్విన్, ప్రిసిల్లా, ఓటిస్." గాలి ఊపిరి పీల్చుకుంది. వదిలాను.

టక్.

తలుపు చట్రానికి పెట్టె తగిలింది. చాలా చిన్న చప్పుడు, గోరుతో బల్ల మీద కొట్టినట్టు. ట్రెవర్ స్క్రీన్ దగ్గరున్నాడు, వినలేదు. మారిసోల్ సిలిండర్ కట్టేస్తోంది, వినలేదు. బెలూన్ నిటారుగా, అందంగా పోయింది.

లోపలికెళ్లి కూర్చున్నాను. అంకెలు వస్తున్నాయి. బాగానే ఉన్నాయి. వెయ్యి అడుగులు, రెండువేలు. ట్రెవర్ బొటనవేలెత్తి చూపించాడు.

అబ్బాయిలూ అమ్మాయిలూ, ఇక్కడ నా బుర్ర ఎలా పనిచేసిందో దాచకుండా చెబుతాను. దెబ్బ తగిలిన పెట్టె అంకెల్ని నమ్మడానికి లేదు, కాబట్టి నేను చెబితే రెండో బెలూన్ వదలాలి. నింపి, కట్టి, వదిలేసరికి అరగంట పైన ఆలస్యం. అంకెలు ఆఖరి నిమిషానికి అందుతాయి, అందకపోతే స్క్రబ్. అందినా, ఆ రెండో బెలూన్ రాకెట్టు లేచేటప్పటికి ఇంకా పైనే ఉంటుంది, పగలదు. అంటే నేను గదిలోనే. కుర్చీ, కిరీటం, కెరెన్, పన్నెండేళ్లు, అన్నీ గోవిందా. ఇదీ నా లెక్క. చాలా స్పష్టంగా వేసుకున్నాను. నాలుగువేల అడుగులు పోయేదాకా నోరు విప్పలేదు. ఆ నాలుగు నిమిషాలకి నాకు సిగ్గే.

అప్పుడు పేర్లు గుర్తొచ్చాయి. ప్రిసిల్లా అన్న పేరు మా అత్తగారిది. ఆవిడంటే నాకు భయం. ఇప్పటికీ.

"ట్రెవర్, పెట్టె చట్రానికి తగిలింది."

"డేటా బావుంది, మార్తా."

"చూడ్డానికి బావుంది. తగిలింది."

"ఎంత గట్టిగా?"

"టక్ అంది."

"టక్ అంటే?"

"టక్ అంటే టక్కే బాబూ! నేను చెప్పినది నువ్వు రాయి. పైకి చెప్పు. మారిసోల్, సిలిండర్ తెరువు!"

ట్రెవర్ ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. స్క్రీన్ కాకుండా మనిషిని చూడటం ఆ అబ్బాయికి అదే మొదలనుకుంటా. బల్ల మీది ఫోన్ తీసి కెల్లీ మేడమ్‌కి చెప్పాడు. అవతల నుంచి గట్టిగా వినిపించింది: "వదిలినావిడే చెబుతోందా? అయితే ఇంకొకటి పంపండి."

మారిసోల్ నింపుతూనే ఏడుపుగొట్టు మొహంతో, "రెండోది నేను వదులుతా. నువ్వు బయట కూర్చో. నియమం నాకు అంటుకుంటుంది" అంది.

ఆశ పుట్టింది. చాలా పుట్టింది. కానీ ఆ గాలిలో తలుపు దాటించడం నాకే తెలుసు, మొదటిసారి నేనే తగిలించాను కూడా. "జరుగు" అన్నాను. మళ్లీ నాలుగు పేర్లు. ఈసారి రెండడుగులు ఎక్కువ పరిగెత్తి, చట్రానికి బారెడు దూరంగా వదిలాను. అరవై ఆరేళ్ల మనిషిని, నూనె లేని జుట్టు గాల్లో లేచి, మారిసోల్ కాగితం కిరీటం ఎప్పుడు నా నెత్తిన పెట్టిందో ఏమో అది కూడా ఎగిరి ఫెన్సింగ్‌లో పడింది. మారిసోల్ ఏడుస్తూ నవ్వింది.

మొదటి బెలూన్ అంకెలూ రెండోదాని అంకెలూ పక్కపక్కన పెట్టి చూశారు. ఒక్కలాగే ఉన్నాయి. అంటే మొదటిదానికి ఏమీ కాలేదు.

"ఏమీ కాలేదని తెలిసింది" అన్నాడు ట్రెవర్ నెమ్మదిగా. "ఇందాక అనుకున్నాం, అంతే." ఆ అబ్బాయి బాగుపడతాడు.

స్పీకర్లో కెల్లీ మేడమ్: పైగాలి గో. వాతావరణం గో.

ట్రెవర్, మారిసోల్ బయటికెళ్లారు. నేను గదిలో కూర్చున్నాను. గదిలోకి సెల్‌ఫోన్ తేకూడదు, నాది కూడా బయట డబ్బాలో ఉంది. బెలూన్ ఎనభైవేల అడుగులు దాటింది. తొంభైవేలు. గోడ వణకడం మొదలైంది. రేకులు గలగల. కాఫీ కప్పు నడిచింది, నేను దాన్ని పట్టుకున్నాను, అలవాటు. బయట మారిసోల్ కీచుమని అరుస్తోంది, స్పానిష్‌లో దేవుణ్ణి, వాళ్లమ్మని, అందరినీ పిలుస్తోంది. నాకు వీపు వైపు గోడ అవతల నలుగురు మనుషులు ఆకాశంలోకి పోతున్నారు. నేను నవ్వుతున్నాను, ఎందుకో తెలీదు, ఒక్కదాన్నే కూర్చుని పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను.

ఇంకో మూడు నిమిషాలు. స్క్రీన్ మీద గీత ఒక్కసారి కింద పడింది. పగిలింది.

టైము రాసి, సంతకం పెట్టి, అప్పుడు లేచి పరిగెత్తాను.

రాకెట్టు లేదు. ఎప్పుడో పోయింది. కానీ అది నడిచిన దారి ఉంది. నేల మీద చీకటి పడింది, పైన ఇంకా ఎండ ఉంది. నేల నుంచి నడినెత్తి దాకా పొగ నిలబడి ఉంది, కింద బూడిదరంగు, ఆ పైన గులాబీ, ఇంకా పైన కరిగిన బంగారం. ఇది టీవీలో చూశాను. చూడనిది ఏమిటంటే, అది వంకర్లు తిరగడం. నా కళ్లముందే కింద ముక్క ఒక పక్కకి జరిగింది, మధ్యముక్క ఇంకో పక్కకి, పైముక్క మళ్లీ వెనక్కి. జిలేబీ వేసేవాడికి చెయ్యి వణికినట్టు.

డబ్బాలోంచి ఫోన్ తీశాను. అప్పటికే మోగుతోంది.

"అమ్మమ్మా! చూశావా?"

"లేదే."

"ఓ నో... అమ్మమ్మా, ఐ యామ్ సో..."

"ఏడవకు. పైకి చూడు. ఆ పొగ కింద ముక్క నీకు ఎటు పోతోంది?"

"లెఫ్ట్‌కి."

"అది సముద్రం గాలి, ఆగ్నేయం నుంచి. ఇప్పుడు దాని పైముక్క?"

"రైట్‌కి! అమ్మమ్మా, అది రైట్‌కి తిరిగింది!"

"పడమటి గాలి, ముప్ఫైవేల అడుగుల పైన. వాళ్లకి గంట ముందు నేనే పంపాను. ఇంకా పైన?"

"మళ్లీ లెఫ్ట్! నీకెలా తెలుసు?"

ఎలా తెలుసు! పన్నెండేళ్లు అంకెల్లో చూసిన గాలి. ఒక్కనాడూ కంటికి కనబడలేదు, గాలి ఎవరికి కనబడుతుంది? ఇప్పుడు ఆకాశం మీద ఎవరో సుద్దముక్కతో రాసినట్టుంది, నేను పంపినది పంపినట్టు, ఒక్క అంకె తప్పు లేకుండా. ఆ వంకర్లన్నిట్లోంచీ ఆ నలుగురూ దాటి పోయారు. నది ఒడ్డున కూర్చున్న వేలమంది రాకెట్టు చూశారు. గాలిని చదివినది నేనొక్కదాన్నే.

పిచ్చిదానిలా నవ్వుకుంటూ కుర్చీలో కూలబడ్డాను. ఫోన్‌లో కెరెన్ కూడా నవ్వుతోంది. మారిసోల్ ఫెన్సింగ్ లోంచి కిరీటం తెచ్చి నా నెత్తిన పెట్టి, కుర్చీ మడవడానికి నన్ను లేవమంది. దోమలు కుడుతున్నాయి, షెడ్డు మూసే టైమైంది, లోపల కేకు ఉంది, ట్రెవర్ పిలుస్తున్నాడు.

"ఉండవే" అన్నాను. "ఆ పొగ పైనే ఉంది ఇంకా."